గండికోటలో మనవాళ్ల జాడ



యెరూషలేము యాత్రకు సహాయం చేస్తామని 2008లో ప్రభుత్వం ప్రకటించిన తరువాత మన పల్లెల్లో కూడా పరిశుద్ధ దేశపు మాట పెరిగింది. ఎఫెసు శిథిలాలు చూచి వచ్చినవారైతే అక్కడి నాటకశాల మెట్లమీద దిగిన ఫొటో చూపించి, "పౌలు కాలంలో అల్లరి జరిగింది ఇక్కడే అయ్యగారూ" అంటారు. సంతోషమే. అయితే ఈ పూట నాతోకూడ గండికోటకు రండి. తొండూరునుండి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు, అక్కడినుండి పడమటికి 15 కిలోమీటర్లు. పాస్‌పోర్టు అక్కరలేదు. సద్ది, మంచినీళ్లు ఉంటే చాలు.

కోట ద్వారం దాటి లోపలికి నడవండి. జైలు అని చూపించే కట్టడం, పావురాల గోపురం, జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి. చివరకు ఎర్రమల కొండలను కోసుకొంటూ పెన్నా నది పారే లోయ. వచ్చినవారందరూ ఆ లోయ అంచుకే పరుగెత్తుతారు. మీరు మాత్రం మాధవరాయస్వామి గుడి దగ్గర కాసేపు ఆగండి. గోపురం ఎత్తుగా నిలిచే ఉంది. లోపల గర్భగుడి ఖాళీ.

సంఘ యౌవనస్థులను ఇక్కడికి తెచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "గుడి ఉంది, మసీదు ఉంది, మనదేమీ లేదా పాస్టరు గారూ?" చాలా ఏండ్లు నేను, "మనది కింద ఉంది నాయనా, జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి" అని చెప్పేవాణ్ణి. లండన్ మిషన్ డాక్టరు పేరుతో వెలసిన ఆసుపత్రి అది. ఆ మాట నిజమే. కానీ టావెర్నియే యాత్రా గ్రంథం చదివిన తరువాత ఆ జవాబు సగమేనని తెలిసింది.

జాన్ బాప్టిస్ట్ టావెర్నియే ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు. మనవలెనే ప్రొటెస్టెంటు. 1652లో ముత్యాలు అమ్ముకోవడానికి గండికోటకు వచ్చాడు. పెమ్మసాని నాయకుల చేతిలోని ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా అంతకు కొద్దికాలం ముందే పట్టుకొన్నాడు. కొండను తొలిచి వేసిన ఇరుకు దారి, పక్కనే అగాధం, కింద నది, పైన పంట పొలాలు, ఊటలు అన్నీ ఆయన రాశాడు. ఇంకొకటి కూడా రాశాడు. మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పేల్చేవారిలో ఇంగ్లీషువారు, డచ్చివారు, ఇటలీవారు ఉన్నారట. అంటే పేరుకు క్రైస్తవులే. బూర్జ్ పట్టణానికి చెందిన క్లాడ్ మాయే అనే ఫ్రెంచి మనిషికి 20 ఫిరంగులు పోతపోసే పని అప్పగించారు. రాగి ఎక్కడిది? గుళ్లలోని విగ్రహాలు పోగుచేసి తెచ్చారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని, పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వారిని బెదిరించాడని టావెర్నియే చెబుతాడు. చివరకు మాయే ఒక్క ఫిరంగి కూడా సరిగా చేయలేకపోయాడు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలో ఆగింది. కొలువు వదిలి వెళ్లిపోయాడు.

అన్నట్టు, 'ఫిరంగి' అనే మాట గమనించారా? ఐరోపావారిని ఫ్రాంకులని, ఫిరంగులని తూర్పుదేశాలవారు పిలిచేవారు. ఆ పేరే మన తెలుగులో ఆయుధానికి పేరైపోయింది. యేసును ఎరిగిన జనమని చెప్పుకొన్నవారిని మన పూర్వికులు మొదట దేనితో గుర్తుపెట్టుకొన్నారో ఆలోచించండి.

ఈ సంగతి చెప్పినప్పుడు ఒక సహోదరుడు, "విగ్రహాలు కరిగిస్తే తప్పేముంది, గిద్యోను చేయలేదా?" అన్నాడు. గిద్యోను పడగొట్టింది తన సొంత తండ్రి కట్టిన బలిపీఠం. పొరుగువాని గుడి దోచి, ఆ లోహంతో పొరుగువానిమీదే గుండ్లు పేల్చడానికి కాదు. రోమా పత్రిక 2వ అధ్యాయం 22వ వచనం తెరచి చూడండి: విగ్రహాలను అసహ్యించుకొనే నీవు గుళ్లను దోచుకొంటావా అని పౌలు నిలదీస్తున్నాడు. ఎఫెసు నాటకశాలలో ఫొటో దిగినవారు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం కూడా చదవాలి. అక్కడ పౌలు అనుచరుల పక్షాన సాక్ష్యమిచ్చింది విశ్వాసి కాడు, ఆ పట్టణపు కరణం. వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లు కారు అన్నాడు. గండికోట కరణం మాయే గురించి ఆ మాట చెప్పగలిగేవాడా?

కోట దిగి ఇప్పుడు కడపకు పోదాం. 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడ ఉద్యోగానికి వచ్చాడు. కలకత్తా పాదిరి డేవిడ్ బ్రౌన్ కుమారుడు. ఈయన మిషనరీ కాడు, కంపెనీ జీతగాడు. ఆ కంపెనీ చేసినవన్నీ మంచివని నేను చెప్పను. కానీ ఈయన కడపలో ఒక బంగళా కొని, పండితులకు తన డబ్బే ఇచ్చి తాటాకు గ్రంథాలు పోగుచేయించి, నకళ్లు రాయించాడు, తప్పులు దిద్దించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చువేయించాడు. మాయే కూడా పోగుచేశాడు, బ్రౌన్ కూడా పోగుచేశాడు. ఒకరు కరిగించడానికి, ఒకరు నిలపడానికి. బ్రౌన్ బంగళా శిథిలమైపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుదలతో ఆ స్థలంలోనే గ్రంథాలయం కట్టించారు. శిథిలాల యాత్రలో అదికూడా చూడవలసిన చోటే.

అదే కడపలో 1822లో లండన్ మిషన్ తరఫున విలియం హోవెల్ పని మొదలుపెట్టాడు. మన జిల్లా ప్రొటెస్టెంటు సంఘాలు చాలావరకు ఆ వేరునుండి వచ్చినవే. గండికోటకు ఫిరంగి వచ్చిన 170 ఏండ్లకు కడపకు మిషన్ వచ్చిందన్నమాట.

కిందటిసారి మాధవరాయ గుడి మెట్ల దగ్గర చెప్పులు విడిచాను. "మనం మొక్కడానికి రాలేదు కదా అయ్యగారూ, ఎందుకు?" అన్నాడు ఒక పిల్లవాడు. "మొక్కడానికి కాదు నాయనా, కూర్చో" అని, నీడలో కూర్చోబెట్టి మాయే కథ మొదలుపెట్టాను.