గుహుడి వూరూ, మా బొజ్జన్నకొండా

వేసవి సెలవులకి మనవలు వచ్చారంటే ఇంట్లో టీవీ మన చేతికి దక్కదు. ఈసారి మాత్రం వాళ్ళు పెట్టిన బొమ్మల సినిమాకి నేనే చేతిలో గరిటెతో వచ్చి కూర్చున్నాను. పొయ్యి మీద పులుసు అడుగంటింది కూడాను!

ఆ సినిమా నాకు పాత చుట్టమే. జపాను వాళ్ళూ మనవాళ్ళూ కలిసి 1992లో తీసిన రామాయణం. అప్పట్లో మన హాళ్ళలో సరిగా ఆడలేదు. మా పిల్లలు టీవీలో చూశారు, అదీ ఇంగ్లీషులో. రాముడు ఇంగ్లీషు మాట్లాడుతుంటే మా అత్తగారు “ఇదేం చోద్యమే!” అని ముక్కున వేలేసుకున్నారు. 2025 జనవరి 24న అది తెలుగు మాటలతో కూడా మళ్ళీ విడుదలైంది. ఆవిడ వుంటే ఎంత సంతోషించేవారో!

మాది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున లక్కబొమ్మల వూరు. ఒక్క అంకుడు కర్ర ముక్కని బొమ్మగా తీర్చి లక్క పట్టించడానికి ఎంత ఓపిక కావాలో రోజూ చూసేవాళ్ళం. అలాంటిది ఈ సినిమాకి 450 మంది చిత్రకారులు సుమారు లక్ష బొమ్మలు చేత్తో గీశారట. మన రామ్మోహన్ గారు, జపాను నుంచి యూగో సాకో, కోయిచి ససాకి దర్శకులు. అసలు ఆ సాకోగారికి మన రాముడి మీద ఇంత ప్రేమ ఎలా కలిగిందా అని ఆరా తీస్తే, కథ ఒక తవ్వకాల గోతి దగ్గర తేలింది!

అలహాబాదు దగ్గర గంగ ఒడ్డున శృంగవేరపురం వుంది. రాముడి పాదాలు కడిగి గాని పడవ ఎక్కించుకోనన్న గుహుడి వూరు. అక్కడ 1977 నుంచి బి.బి. లాల్ గారు తవ్వకాలు జరిపించారు. ఆ పని మీద డాక్యుమెంటరీ తీయడానికి 1983లో వచ్చిన సాకోగారు, రామాయణం చదివి, ఆ కథలో పడిపోయారు. డాక్యుమెంటరీ తీసి వూరుకోలేక పూర్తి సినిమాకే పూనుకున్నారు.

ఆ తవ్వకంలో దొరికిందేమిటో తెలుసా? ధనం బిందెలు కావు, ఒక ఇటుకల చెరువు! రెండువందల యాభై మీటర్లకి పైనే పొడవు. వరద రోజుల్లో గంగనీళ్ళని కాలవలోకి మళ్ళించి, ముందు ఒక తొట్టిలో మట్టి పేరుకోనిచ్చి, తేరిన నీళ్ళని చెరువులోకి వదిలేవారట. మన అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి బిందెలో బురదనీళ్ళు తేర్చలేదూ? ఆ ఇంగితమే ఇదీను. లాల్ గారు దాన్ని రాముడి కాలానికి ముడిపెట్టలేదు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటిదన్నారు. అయినా గుహుడి కథ జనం నోట వుంది గనక ఆ దిబ్బలకి ఒక పేరుంది, గౌరవం వుంది.

ఇదంతా చెబుతుంటే మా చిన్న మనవడు, “అమ్మమ్మా, మన దగ్గర అలాంటి గొయ్యి లేదా?” అన్నాడు. లేకేం నాయనా! అనకాపల్లి పక్కనే శంకరం వుంది. సంఘారామం అన్న మాటే నోళ్ళలో నలిగి శంకరం అయిందంటారు. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ. కొండ రాతినే తొలిచిన గుహలూ, బుద్ధ విగ్రహాలూ, వరసలు వరసలుగా స్తూపాలూ. ఆ స్తూపాలు లింగాల్లా కనబడి లింగాలకొండ అయింది. 1907-08లో అలెగ్జాండర్ రే అనే దొర అక్కడ తవ్విస్తే మట్టి ముద్రలు, శాతవాహనుల నాణేలు, సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటీ బయటపడ్డాయి. ఎక్కడి సముద్రగుప్తుడు, ఎక్కడి అనకాపల్లి! బిక్షువుల దగ్గరకి ఎంత దూరం నుంచి జనం వచ్చి వుంటే ఆ నాణెం ఇక్కడ పడి వుంటుందో ఆలోచించండి.

ఇంతవరకూ గొప్పగానే చెప్పాను. తరవాత మాట గొంతులో అడ్డం పడింది. చిన్నప్పుడు కనుమనాడు మా మేనమామగారి వెంట ఆ కొండకి వెళ్ళాం. తీర్థంలా జనం. అక్కడ బొజ్జలా వున్న ఒక ఆకారం వుంది. రాక్షసుడన్నారు. అందరూ రాళ్ళు విసురుతున్నారు. నేనూ ఏరి మరీ ఒక రాయి విసిరాను. తగిలిందని చప్పట్లు కూడా కొట్టుకున్నాను! బుద్ధుడి ధర్మం చెప్పుకున్న చోట, ఏ ప్రాణికీ హాని చెయ్యొద్దన్న చోట, పట్టుపరికిణీ కట్టుకుని చేసిన ఘనకార్యం అది.

మా మేనమామ దుర్మార్గుడు కాదు. ఆ జనం చెడ్డవాళ్ళు కాదు. బిక్షువులు వెళ్ళిపోయాక వాళ్ళ కథ చెప్పేవాళ్ళు లేకపోయారు, అంతే. ఇంటాక్ వారి సాయంతో అధికారులు ఆ రాళ్ళ ఆచారం మాన్పించారు. మంచిపని. కానీ రాయి మాన్పించడం అధికారులు చెయ్యగలరు గాని, కథ చెప్పడం ఎవరు చేస్తారు? అన్నం పెడుతూ గుహుడి కథ చెప్పే మనమే ఆ పక్కన బొజ్జన్న కథ కూడా ఒక ముద్దగా పెట్టాలి. జపాను నుంచి మరో సాకోగారు వచ్చేదాకా ఆగాలా ఏమిటి?

వచ్చే కనుమకి మనవణ్ణి తీసుకెళ్ళి ఆ కొండ చూపిస్తానన్నాను. వాడు కాసేపు ఆలోచించి అడిగాడు: “అమ్మమ్మా, నువ్వు విసిరిన రాయి ఇంకా అక్కడే వుంటుందా?”

వుంటే తీసి పక్కన పెట్టి వద్దాంలేరా, అన్నాను.