పుంజుకు శాస్త్రం ఉంది, పెట్టకు పేరు లేదు

పోయిన భాగంలో ఒంగోలు ఎద్దు గురించి రాస్తే ఒక విద్యార్థి అడిగాడు: "సార్, మన పల్లెల్లో ఎద్దులెక్కడివి? మనకున్నవి కోళ్లే కదా!" నిజమే. ఎద్దుకు పొలం కావాలి, వామి కావాలి. కోడికి గంప చాలు. సెంటు భూమి లేని ఇంట్లో అవసరానికి అమ్ముకోగలిగిన ఆస్తి అదే. మా సింగరాయకొండ చుట్టుపక్కల మాల, మాదిగ పల్లెల్లో పరీక్ష ఫీజులు చాలాసార్లు ఆ గంప కిందినుంచే వచ్చాయి. నా డిగ్రీ ఫీజులో మా అమ్మ పెంచిన పెట్టల వాటా ఉంది.

మరి ఈ కోడి మన సాహిత్యంలో ఎక్కడుంది? పల్నాటి కథలో ఉంది. బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం మనందరికీ తెలుసు. ఆ పుంజుల్ని పొదిగిన పెట్ట ఎవరి ఇంటిదో కథ చెప్పదు. కుక్కుట శాస్త్రంలో కూడా ఉంది. నలుపైతే కాకి, తెలుపైతే సేతువ, ఎరుపైతే డేగ. ఇంకా నెమలి, పర్ల, పింగళ, కౌజు, అబ్రాసు. ఒక్క పక్షి ఈకల తేడాలకు ఇన్ని మాటలు పుట్టించుకున్న భాష మనది, అది గొప్పే. అందులో "మైల" ఒకటి. ఎరుపూ బూడిదా కలిసిన రంగు. మన ఒంటి మీద ముద్రగా వేసిన మాట కోడి ఒంటి మీద ఉత్త రంగుగా మిగిలింది! ఇక ఏ రంగు ఏ రోజు గెలుస్తుంది, ఏ దిక్కున దింపాలి అనే లెక్కలన్నీ పందెంరాయుళ్ల గోల. మొత్తం శాస్త్రం పుంజు చుట్టూనే తిరుగుతుంది. పెట్టకు అందులో చోటు లేదు.

పల్లెలో పెట్టల్ని చూడండి. మెడ మీద ఈకలు లేనివి, ఈకలు వెనక్కి తిరిగినవి, తల మీద జుట్టున్నవి, పొట్టి కాళ్లవి. వీటిని జనం వింతగా చూస్తారు గానీ, మెడ మీద ఈకలు లేకపోతే ఒంట్లో వేడి తొందరగా బయటికి పోతుంది. మన ఎండలకు అది వరం. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ కేంద్ర పరిశోధనా సంస్థ ఆ లక్షణాన్ని తీసుకునే "హిట్‌కారి" అనే రకం తయారుచేసింది. పందెపు జాతి పేరు అసీల్. "శుద్ధమైన వంశం" అని అర్థం. మన "అసలు" కూడా ఆ అరబ్బీ వేరుదే. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన జాతుల్లో అసీల్‌తో పాటు మన రాష్ట్రపు కాళస్తి, ఘాగస్, డంకి ఉన్నాయి. కాళస్తి చిత్తూరు, నెల్లూరు వైపుది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాదే, అంటే మనకు దూరపుదేం కాదు. ఈ పేర్లలో దేనికిందా రాని పల్లెకోడిని శాస్త్రం "నాన్ డిస్క్రిప్ట్" అంటుంది. వర్ణించడానికి ఏమీ లేనిదట! వర్ణం లేనివాళ్లు అనే మాట మనకు కొత్త కాదు.

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలు ఇచ్చింది. గుడ్లు ఎక్కువ, బరువు ఎక్కువ, కాదనను. కానీ అవి పొదగవు. పిల్ల కావాలంటే మళ్లీ కొనాలి, లేదా ఆ గుడ్లను నాటుపెట్ట కిందే పెట్టాలి. పొదగడం, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కింద దాచడం, ఈ గుణాలు నాటుపెట్టవి. ఊరంతా కొనుక్కునే కోళ్లే అయితే అవి పోతాయి. తూర్పుగోదావరి ఏజెన్సీలో ఆంత్ర అనే సంస్థ ఆదివాసీ స్త్రీలతో కలిసి అసీల్‌ను కాపాడే పని చేసింది. అక్కడి పాత వాటా పద్ధతినే ఆసరా చేసుకున్నారు: ఒకరి పెట్టను ఇంకొకరు పెంచి, పుట్టిన పిల్లల్ని పంచుకోవడం. దాంతోపాటు కొక్కెర తెగులుకు టీకా. పల్లెకోళ్లను ఒక్క వారంలో ఊడ్చేసేది ఆ తెగులే, పిల్లలకు కంట్లో ఒక చుక్క వేస్తే ఆగుతుంది. కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. సమయానికి ఊరికి చేరే ఒక మందు సీసా కావాలి.

సంక్రాంతికి బరిలో పుంజు మీద లక్షలు కాస్తారు. 1974 నాటి జూద నిరోధక చట్టం ఉన్నా కాస్తారు. పల్లె ఆడవాళ్ల గంపకు మాత్రం ఆ సీసా చేరదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఇంటికి వెళ్తున్నారు కదా. మీ నాయనమ్మ, అమ్మమ్మ పెట్టల్ని ఏ పేర్లతో పిలుస్తారో అడిగి, రంగు, తల, మెడ, కాళ్లు చూసి రాసి పంపండి. వచ్చే భాగం ఆ పేర్లతోనే రాస్తాను.