ఊకొట్టేవారు లేని కథ

కథ నిలవడానికి చెప్పేవారితోపాటు వినేవారూ అవసరం. అండమాన్ దీవుల చరిత్ర ఇందుకు నిదర్శనం. 1858లో ఆంగ్లేయుల శిక్షాస్థావరం ఏర్పడిన పిమ్మట వ్యాధులవల్ల గ్రేట్ అండమానీయుల సంఖ్య క్షీణించింది; భాషతోపాటు ఊకొట్టే పిల్లలూ కరవయ్యారు. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి శ్రద్ధగా అడిగి వినడంతో నావో జూనియర్ తన జ్ఞాపకాలను తవ్వి కథలు చెప్పారు. వాటిలో జీరో మితేను పెద్ద చేప మింగుతుంది. చివరకు మనుషులు పక్షులవుతారు. బయటివారికిది వినోదభరితమైన కల్పన. ఆ సముదాయానికి మాత్రం పక్షులు పూర్వీకులే. నావో 2009లో మరణించారు. 2021లో వెలువడిన అబ్బి గ్రంథంలో పది కథలతోపాటు ధ్వనిముద్రణలూ లభిస్తున్నాయి. అయితే ఆ సముదాయపు పిల్లలు నేడు మాట్లాడేది హిందీ. తాతల కథకు వారు ఊకొట్టాలన్నా అనువాదం కావలసిందే.