ట్రస్టీ కాని ముతవల్లీ

ఆంగ్లేయ న్యాయస్థానాలు వక్ఫ్‌ను 'ట్రస్టు'గా, ముతవల్లీని 'ట్రస్టీ'గా భావించాయి. ఆంగ్ల న్యాయశాస్త్రంలో ట్రస్టీ ఆస్తికి చట్టరీత్యా యజమాని. దాని ఫలం ఇతరులది. షరీఅత్‌లో వక్ఫ్ ఆస్తి అల్లాహ్‌దే; ముతవల్లీ కేవలం నిర్వాహకుడు.

'చారిటీ' అన్న మాట మరింత కీడు చేసింది. ఆలుబిడ్డల పోషణ ఇస్లాంలో సదఖాయే. ఆంగ్లేయుల చారిటీలో దానికి చోటు లేదు. అందుచేతనే 1894లో ప్రివీ కౌన్సిల్, పేదలకు చేరే భాగం నామమాత్రమేనంటూ, ఒక కుటుంబ వక్ఫ్ చెల్లదన్నది. దీన్ని సరిదిద్దడానికి 1913, 1930 చట్టాలు అవసరమయ్యాయి.

1921లో మద్రాసు హైకోర్టు నుంచి వెళ్ళిన ఒక హిందూ మఠం అప్పీలులో, సయ్యద్ అమీర్ అలీ తీర్పు చెబుతూ, మఠాధిపతిగాని ముతవల్లీగాని ఆంగ్ల అర్థంలో ట్రస్టీ కాడని స్పష్టం చేశారు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని వెంకటగిరికోట వంటి ఊళ్ళకూ ఈ సూత్రమే వర్తించింది. పరాయి పదాన్ని అరువు తెచ్చుకున్నప్పుడు, దాని వెనుకనున్న హక్కును కూడా తూచి చూడాలి.