క్రీడాకారుల నడుము నొప్పి: ఉత్తరాంధ్ర, మన్యం ప్రాంతాల్లో

పక్కటెముకల దిగువ నుంచి పిరుదుల దాకా ఆటగాళ్లకు సాధనలోగానీ పోటీలోగానీ మొదలయ్యే నొప్పిని క్రీడాకారుల నడుము నొప్పి అంటారు. వెయిట్‌లిఫ్టర్లు, ఫాస్ట్ బౌలర్లు, జిమ్నాస్ట్‌లు దీనికి ఎక్కువగా లోనవుతారు. చాలామందిలో ఫలానా చోట దెబ్బ తగిలిందని చూపించడం సాధ్యం కాదు. కొద్దిమందిలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతుంది. ఎదిగే వయసు పిల్లల్లో, పదేపదే వెనక్కి వంగి మెలితిరిగే ఆటల వల్ల, వెన్నుపూస వెనుక భాగంలో సన్నని పగులు ఏర్పడవచ్చు. ఇది ఎక్కువగా ఐదో నడుము పూసలో కనిపిస్తుంది.

తూర్పు కనుమల పాదాల దగ్గరున్న ఉత్తరాంధ్రకు బరువులెత్తడంలో పెద్ద పేరుంది. ఇనుప గొలుసులు తెంచి, ఛాతీపై ఏనుగును మోసి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అందుకే నడుము సంరక్షణ ఈ ప్రాంత క్రీడాకారులకు ముఖ్యమైన విషయం.

తొలి అవగాహన

నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పిని ఆయుర్వేదం గృధ్రసి అని గుర్తించింది. నడుముపై మినప్పిండితో గట్టు కట్టి గోరువెచ్చని తైలం పోసే కటివస్తి నేటికీ వాడుకలో ఉంది. తాలింఖానాల్లో నూనె మర్దనా, కాపడమే ప్రధాన చికిత్సలుగా ఉండేవి.

1895లో ఎక్స్‌రే కనుగొన్నాక ఎముకను చూడటం సాధ్యమైంది. కాలిలోకి పాకే నొప్పికి జారిన డిస్క్ కారణం కావచ్చని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ చూపించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరికి నడుము నొప్పి వచ్చినా డిస్క్‌నే అనుమానించారు. రోగిని వారాల తరబడి మంచానికి పరిమితం చేయడం ఆనవాయితీ అయింది.

విశ్రాంతి నుంచి కదలిక వైపు

ఈ ఆనవాయితీని 1986లో అమెరికా వైద్యుడు డెయో బృందం పరీక్షించింది. ఏడు రోజులు పడుకోమన్నవారి కంటే రెండు రోజులు పడుకోమన్నవారు త్వరగా పనిలోకి వెళ్లారు. 1994లో నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, 52 శాతం మందిలో ఏదో ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. స్కాన్‌లో కనిపించే ప్రతి మార్పూ నొప్పికి కారణం కాదని దీంతో స్పష్టమైంది. రిపోర్టు చూసి ‘నా ఆట అయిపోయింది’ అని బెంగపడే ఆటగాళ్లకు ఈ ఫలితం గొప్ప ఊరట.

ఆటల్లోనూ ఆలోచన మారింది. బరువును భుజాల నుంచి తలపైకి నెట్టే ప్రెస్ అంశంలో లిఫ్టర్లు నడుమును బాగా వెనక్కి విరిచేవారు. తీర్పు చెప్పడం కష్టమై, నడుముకు ముప్పు కూడా ఉండటంతో 1972 ఒలింపిక్స్ తర్వాత దాన్ని తొలగించారు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీకి 1973లో వెన్నుపూస పగుళ్లు బయటపడ్డాయి. విశ్రాంతి, క్రమబద్ధమైన వ్యాయామం తర్వాత ఆయన 1974-75 యాషెస్ సిరీస్‌లో మళ్లీ అదే వేగంతో బౌలింగ్ చేశారు. యువ బౌలర్లు వేసే ఓవర్లకు పరిమితి పెట్టే పద్ధతి ఆ తర్వాతి కాలంలో వచ్చింది.

తెలుగు క్రీడాకారులు

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. 2004 ఏథెన్స్‌లో నడుము గాయం వల్ల పోటీ పూర్తిచేయలేకపోయారు.

2010 అక్టోబరులో మొహాలీ టెస్టులో ఆస్ట్రేలియాపై హైదరాబాదీ క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ నడుము పట్టేసినా, తన బదులు పరుగెత్తే రన్నర్ సాయంతో 73 పరుగులతో అజేయంగా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో భారత్‌ను గెలిపించారు. ఆ పట్టుదల చిరస్మరణీయమే. అయితే వైద్య బృందం అండగా ఉన్న అనుభవజ్ఞుడు తీసుకున్న నిర్ణయం అది, సాధన మొదలెట్టిన పిల్లలు అనుసరించాల్సిన దారి కాదు. అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్ సదుపాయాన్ని 2011లో రద్దు చేశారు.

కోలుకునే క్రమం

మొదటి కొన్ని రోజులు నొప్పిని పెంచే కదలికలు తగ్గించాలి, నడక మాత్రం మానకూడదు. తర్వాత పొట్ట, వీపు, తుంటి కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మొదలుపెట్టాలి. ఆపైన తేలిక బరువులతో ఆటలోని కదలికలను మళ్లీ నేర్చుకోవాలి. మామూలు పట్టేయడం సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. పూస పగులుకు మాత్రం నెలల పాటు ఆ ఆటకు దూరంగా ఉండాలి.

మన్యంలో గమనించాల్సినవి

అరకు, పాడేరు కొండల్లో పిల్లలు కట్టెల మోపులు, నీళ్ల బిందెలు మోస్తూ ఏటవాలు దారుల్లో నడుస్తారు. మైదానంలో చేసే సాధనకు ఈ మోతనూ కలిపి శిక్షకులు లెక్కవేయాలి. రెండూ ఒకేసారి పెరిగితే నడుముకు కోలుకునే వ్యవధి దొరకదు.

గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ అనే రక్త వ్యాధి కూడా తీవ్రమైన నడుము నొప్పి తెస్తుంది. దీని నిర్మూలనకు కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం ప్రారంభించి, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేపట్టింది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వెన్ను క్షయను అనుమానించాలి. కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి చేర్చాలి.

కొండ ప్రాంత క్రీడాకారులకు ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉండటం పతకం గెలిచాక దక్కే సౌకర్యం కాకూడదు, సాధన మొదలైన రోజు నుంచే అందాలి. నడుము నొప్పి వచ్చిందని ఆట వదిలేయనక్కర్లేదు. నొప్పిని దాచి ఆడటమూ తగదు. వెంటనే శిక్షకుడికి చెప్పి, కారణం తెలుసుకుని, క్రమంగా బలం పెంచుకున్న ఆటగాడే ఎక్కువ కాలం ఆడగలడు.