మిషన్ల హద్దులు – సంఘైక్యత: కర్నూలు సీమలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. బిషప్పుల పాలనగల ఆంగ్లికన్ సంఘం, బిషప్పులు లేని సంఘాలతో ఒకే నిర్మాణంలో కలవడం ఆధునిక క్రైస్తవ చరిత్రలో అదే ప్రథమం. ఈ ఘటనను సాధారణంగా సిద్ధాంత చర్చల ఫలితంగా వివరిస్తారు. కర్నూలు సీమ నుంచి చూస్తే మరో అంశం స్పష్టమవుతుంది. ఇక్కడ శాఖాభేదం ప్రధానంగా విశ్వాసభేదం కాదు, హద్దుల భేదం. ఆ విషయాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మిషన్ల హద్దులు:
గూడూరు కర్నూలుకూ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంది. 1953కు పూర్వం ఈ రెండు ఊళ్ళ మధ్య జిల్లా సరిహద్దు ఉండేది. గూడూరు కర్నూలు జిల్లాలోనిది; ఎమ్మిగనూరు, ఆదోని బళ్ళారి జిల్లాలోనివి. మిషన్ల భూగోళం కూడా ఇంచుమించు ఇదే తీరుగా ఏర్పడింది. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్ళారిలో లండన్ మిషన్‌ను ప్రారంభించాడు. 1870వ దశకంలో అమెరికన్ బాప్తిస్టులు కర్నూలులో స్థిరపడ్డారు. తూర్పున నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాలు ఆంగ్లికన్ మిషన్ అయిన ఎస్.పి.జి. క్షేత్రాలు.

ఒకరి క్షేత్రంలో మరొకరు ప్రవేశించరాదన్న మర్యాదను మిషన్లు సాధారణంగా పాటించాయి. కనుక ఒక పల్లె రైతుకూలీ బాప్తిస్టు కావడమో ఆంగ్లికన్ కావడమో అతడి సిద్ధాంత నిర్ణయం కాదు. అతడి ఊరు ఎవరి క్షేత్రంలో పడిందన్నదే నిర్ణాయకం. కడపలో లండన్ మిషన్ సేవకుడైన విలియం హోవెల్ 1842లో ఆంగ్లికన్ సంఘంలో చేరడంతో ఎస్.పి.జి. తెలుగు కృషి మొదలైంది. ఒక బోధకుడి నిర్ణయంతో ఒక ప్రాంతపు క్రైస్తవులు శాఖ మారిన ఉదాహరణ ఇది.

చర్చల క్రమం:
1908లో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు దక్షిణ భారత ఐక్య సంఘంగా కలిశాయి. 1919 మే నెలలో తరంగంబాడిలో సమావేశమైన బోధకులు, దాదాపు అందరూ భారతీయులే, ఈ విభజనలు తాము సృష్టించినవి కావనీ, వాటిని కొనసాగించే కోరిక తమకు లేదనీ ప్రకటించారు. ఆ సమావేశానికి ప్రధాన ప్రేరకుల్లో ఒకరు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. తరువాతి ఇరవై ఎనిమిదేళ్ళ చర్చల్లో బిషప్ పదవి ఆవశ్యకత, ఇతర శాఖల బోధకుల అభిషేకానికి గుర్తింపు అనే రెండు ప్రశ్నలే ప్రధానమయ్యాయి. చివరికి అప్పటికే సేవలో ఉన్న బోధకులందరినీ అంగీకరించి, ఇకమీదట బిషప్పులే అభిషేకించాలనీ, పూర్ణ సమన్వయానికి ముప్పై ఏళ్ళ గడువు ఉండాలనీ ఒప్పుకున్నారు. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, ఐక్యతను చూడలేకపోయారు.

నంద్యాల నిరాకరణ:
ఆశ్చర్యకరంగా, అజరయ్య దోర్నకల్ అధ్యక్ష ఖండంలోనే ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు ఐక్యతకు వెలుపల నిలిచారు. బిషప్పుల చేత అభిషేకం పొందని బోధకులను అంగీకరించడం పరంపరను భంగపరుస్తుందన్న ఎస్.పి.జి. వర్గాల భయం దీనికి ఒక కారణం. వారు కలకత్తా మెట్రోపాలిటన్ అధీనంలో ఉండి, 1963లో ప్రత్యేక అధ్యక్ష ఖండంగా ఏర్పడి, 1970వ దశకం మధ్యలో దక్షిణ ఇండియా సంఘంలో చేరారు. లండన్ మిషన్ సంఘాలు మాత్రం 1947లోనే చేరి, తరువాత రాయలసీమ అధ్యక్ష ఖండంలో భాగమయ్యాయి. దాని బిషప్ హొస్పేట సుమిత్ర 1954లో సంఘానికి మోడరేటర్ అయ్యారు. బాప్తిస్టులు నేటికీ వేరుగానే ఉన్నారు.

చర్చకు రాని హద్దు:
మిషన్ క్షేత్రాలు కులరేఖలతో కూడా ముడిపడ్డాయి. కడప లండన్ మిషన్ సంఘాల్లో మాలలు అధికులు. ఒంగోలు బాప్తిస్టు ఉద్యమంలో మాదిగలు అధికులు. కనుక శాఖల విలీనం ఆ రెండు సముదాయాల సహజీవన సమస్యను స్వయంగా తీర్చజాలదు. అభిషేక పరంపర ఎంతో సూక్ష్మంగా చర్చనీయమైన చోట, ఈ ప్రశ్న ఐక్యతా పథకంలో కేంద్రస్థానం పొందలేదు.

ముగింపు:
పై ఆధారాలు రెండు విషయాలను సూచిస్తున్నాయి. ఒకటి, శాఖలు హద్దులుగా ఏర్పడిన చోట ఐక్యత రాతపూర్వకంగా సుసాధ్యం, ఎందుకంటే విడివిడిగా బతికిన సంఘాలు ఒకరినొకరు ఎదుర్కోనవసరం లేదు. రెండు, నిజమైన పరీక్ష సరిహద్దు పల్లెల్లోనే ఉంటుంది. అక్కడ ఐక్యత ముందుగా పాటలో సాధ్యమైంది: బాప్తిస్టు సంప్రదాయానికి చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను తెలుగు క్రైస్తవ శాఖలన్నీ పాడుకున్నాయి. 1964లో రాజమండ్రిలో వివిధ శాఖలు ఉమ్మడిగా నెలకొల్పి, తరువాత హైదరాబాదుకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మరో మెట్టు. ప్రభు భోజన సంస్కారంలో ఒకే బల్ల వద్దకు రావడం, ఒకే పల్లెలో కలిసి కూర్చోవడం అనే రెండింటినీ ఒకే ప్రశ్నగా చూసినప్పుడే తరంగంబాడి ప్రకటన కర్నూలు సీమకు అన్వయిస్తుంది.