శాన్‌ఫ్రాన్సిస్కో: బహిష్కారం నుంచి ఆశ్రయం దాకా

వలస చట్టాల అమలులో సమాఖ్య ప్రభుత్వాన్ని ధిక్కరించే నగరంగా నేడు అమెరికా అంతటా పేరుపడిన శాన్‌ఫ్రాన్సిస్కో, నూటయాభై ఏళ్ల కిందట వలసదారులపై కాఠిన్యంలో అదే ప్రభుత్వాన్ని మించిపోయిన నగరం. 1870లో ఆ నగరపాలక మండలి నివాసాల్లో మనిషికి 500 ఘనపుటడుగుల గాలి ఉండాలని శాసించింది. ఆరోగ్యం పేరిట వెలువడిన ఆ నిబంధన ఆచరణలో చైనీయుల ఇరుకు వసతులపైకే మళ్లింది. కొయ్య కట్టడాల్లో బట్టలుతికే దుకాణాలకు అనుమతిని తప్పనిసరి చేసిన మరో శాసనం కింద దాదాపు 200 మంది చైనీయుల అర్జీలు తిరస్కృతం కాగా, ఇతరుల అర్జీలు ఒక్కటి మినహా అన్నీ ఆమోదం పొందాయి. ఈ పక్షపాతాన్ని 1886లో యిక్ వో వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

అంతకు పదేళ్ల ముందే, 1876లో, రేవుల్లో ప్రయాణికులను వడపోసే అధికారాన్ని రాష్ట్రాల చేతి నుంచి తప్పించి, పరదేశీయుల ప్రవేశం సమాఖ్య పరిధిలోని విషయమని అదే న్యాయస్థానం నిర్ణయించింది. అధికారం చేతులు మారినంత మాత్రాన వలసదారులకు ఊరట కలగలేదు. కాలిఫోర్నియాలో రగిలిన ద్వేషమే వాషింగ్టన్‌కు పాకి, 1882లో చైనీయ బహిష్కార చట్టంగా రూపుదాల్చి, 1943 దాకా నిలిచింది.

ఒక శతాబ్దం గడిచాక పాత్రలు తారుమారయ్యాయి. ఎల్‌సాల్వడార్, గ్వాటెమాలాల అంతర్యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారి ఆశ్రయ దరఖాస్తుల్లో 1984లో నూటికి మూడైనా మంజూరు కాని పరిస్థితిలో, చర్చీలు తలుపులు తెరిచాయి. వాటి వెనుకే నగరాలు గొంతు విప్పాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 1985లో తనను ఆశ్రయనగరంగా ప్రకటించుకుని, 1989లో ఆ ప్రకటనను శాసనంగా మలిచింది. ఈ ధోరణికి కరుణ ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. ఉదారవాదిగా ఎన్నడూ పేరుపొందని లాస్‌ఏంజెలిస్ పోలీసు అధిపతి డేరిల్ గేట్స్ హయాంలోనే, 1979లో, కేవలం వలస స్థితిని తెలుసుకోవడానికి ఎవరినీ ప్రశ్నించరాదన్న ఉత్తర్వు వెలువడింది. దేశం నుంచి పంపివేస్తారన్న భయంతో బాధితుడూ సాక్షీ పోలీసు స్టేషను గడప తొక్కకపోతే నేరవిచారణ సాగదన్నది పాలనానుభవం నేర్పిన పాఠం.

1996లో కాంగ్రెస్ స్థానిక పోలీసులు వలస అధికారాలు చేపట్టేందుకు ఒప్పందాల మార్గం తెరిచింది. వలస స్థితి సమాచారాన్ని కేంద్రంతో పంచుకోనివ్వని స్థానిక ఆంక్షలను నిషేధించింది. ఆ మరుసటి ఏడాదే నగరాలకు అనుకోని కవచం దొరికింది. తుపాకులు కొనేవారి పూర్వాపరాలు విచారించే భారాన్ని తమపై మోపిన సమాఖ్య చట్టాన్ని మొంటానా, అరిజోనా షెరిఫ్‌లిద్దరు సవాలు చేయగా, స్థానికాధికారులను కేంద్రం తన పనికి నిర్బంధించజాలదని ప్రింట్జ్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. సంప్రదాయవాదులు గెలుచుకున్న సూత్రమే ఉదారవాద మేయర్ల వాదానికి మూలస్తంభమైంది.

అయితే ఈ విధానానికి మూల్యం లేకపోలేదు. 2015లో, సమాఖ్య నిర్బంధ అభ్యర్థనను పాటించక నగరం విడుదల చేసిన వ్యక్తి చేతి తుపాకీ గుండుకు శాన్‌ఫ్రాన్సిస్కో తీరాన ఒక యువతి మరణించింది. న్యాయస్థానంలో హత్యారోపణ నిలవకపోయినా, నగరాల వివేచనపై అనేకులకు కలిగిన సందేహాన్ని అసమంజసమని తోసిపుచ్చలేము. 2017 జనవరిలో అటువంటి నగరాలకు నిధులు నిలిపివేస్తామన్న అధ్యక్ష ఉత్తర్వు వెలువడగా, శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాజ్యం వేసింది. ఖజానాపై అధికారం కాంగ్రెస్‌ది గనుక ఆ షరతు చెల్లదని 2018లో అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది.

2025 మార్చి 5న ప్రతినిధుల సభా సంఘం బోస్టన్, షికాగో, డెన్వర్, న్యూయార్క్ మేయర్లను పిలిపించి సంజాయిషీ కోరినప్పుడు, బోస్టన్ మేయర్ మిషెల్ వూ నగర విధానాన్ని సమర్థించుకోవడంతో ఆగక, వలస చట్టాన్ని సమగ్రంగా సంస్కరించవలసిందిగా ప్రశ్నించినవారినే కోరింది. ఆ కోరికకు పూర్వరంగం ఉంది: 2013లో సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన సంస్కరణ బిల్లు ప్రతినిధుల సభలో చర్చకైనా రాలేదు. ఒకనాడు ఎవరిని వెళ్లగొట్టాలో తానే నిర్ణయించజూసిన శాన్‌ఫ్రాన్సిస్కో, ఇప్పుడు వెళ్లగొట్టే పనికి తన పోలీసులను పంపనని చెప్పగలదు. ఆ పోలీసులు ప్రశ్నించకుండా వదిలినవారిలో ఒక్కరికైనా నివాసపత్రం ఇవ్వడం మాత్రం దాని వశంలో లేదు.